మిషను వెనక తడిగుడ్డ

మా వీధిలో ఖనిజం ఓడ వచ్చిందని తెలుసుకోవడానికి సముద్రం వైపు చూడక్కర్లేదు, కిటికీలు చూస్తే చాలు. ఇనుప ఖనిజం ఓడకెత్తే రోజున గాలి మా వైపు తిరిగితే, ఆడవాళ్లు పాత పంచెముక్కని నీళ్లలో ముంచి, పిండి, కిటికీ ఊచలకు కట్టేవారు. సాయంత్రానికి ఆ తెల్లగుడ్డ ఇటుకరంగు తిరిగేది. విప్పి ఒకరికొకరు చూపించుకునేవారు.

"నాది సూడొదినా, కుంకంలో ముంచినట్టు నేదేటి?" అని ఒకావిడ అంటే, "నీది ఒక్క కిటికీయే కదా, మాయి రెండూ అటే" అని రెండో ఆవిడ అనేది. అందులో ఫిర్యాదు ఎంత ఉండేదో గొప్ప కూడా అంతే ఉండేది.

మా నాన్న ఆ పోర్టులోనే గుమస్తా. వచ్చిన వ్యాగన్లు రాసుకోవడం ఆయన పని. ఆయన ఇంట్లో ఉండగా దుమ్మును తిట్టకూడదు. ఎవరైనా తిడితే కంచంలోంచి తల ఎత్తకుండా, "ఆ దుమ్మే అన్నం పెడతంది మనకి" అనేవారు. అమ్మ తిట్టేది కాదు, దగ్గేది. నాన్న ఆ దగ్గును కూడా తిట్టుగానే తీసుకునేవారు.

అమ్మకు ఉబ్బసం. చలికాలం వస్తే తెల్లవారుజామున ఆమె గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. ఆమె మంచం పక్కనే చాప మీద పడుకునేదాన్ని నేను. మెలకువ వచ్చినా కదలకుండా, ఆ కూత ఎక్కడ ఆగుతుందా, ఆగితే మళ్లీ మొదలవుతుందా అని వింటూ ఉండేదాన్ని. అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలు, రోజూ రాసుకునే డైరీ తప్ప నాకు వేరే వ్యాపకం లేదు. కొత్తవాళ్లు ఇంటికి వస్తే వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. పుస్తకం పేజీ తిప్పితే వేలికి గరుకుగా ఎర్రపొడి తగిలేది. ఇదే కదా అమ్మ ఛాతీలో కూడా పేరుకుంటోంది అనుకునేదాన్ని.

డాక్టరు ఆ ఏడాది గట్టిగా చెప్పారు. చీపురు దుమ్మును తీయదనీ, లేపుతుందనీ, అమ్మ ఉన్న గదిలో ఊడవడం మానెయ్యమనీ, ఈ చలికాలం దాటించడం కష్టమవుతుందనీ అన్నారు. ఆ చివరి మాట అమ్మ లేనప్పుడు అన్నారు. ఆ తరవాత ఊడ్చే పని నాది. ఊడ్చినంతసేపూ అమ్మను వీధి అరుగు మీద కూర్చోబెట్టేదాన్ని. తడిగుడ్డతో నేల, తలుపులు తుడిచేదాన్ని. అయినా పిల్లికూతలు తగ్గలేదు.

ఇదిగో, అప్పుడే వచ్చాడు వాక్యూమ్ క్లీనర్ అమ్మే అతను.

ఆదివారం మధ్యాహ్నం. మెడకు టై, చేతిలో అట్టపెట్టె, చంకలు చెమటతో తడిసిన చొక్కా. మనిషి సన్నగా ఉన్నాడు గానీ మాట మాత్రం బాగా పదును పెట్టుకుని వచ్చాడు. "నమస్కారం మేడమ్. కొనక్కర్లేదు, చూస్తే చాలు" అన్నాడు. నాన్న పోర్టుకు వెళ్లారు. పక్కింటి అత్త అతని వెనకే లోపలికి వచ్చి గుమ్మంలో చతికిలబడింది. నేను వంటింటి తలుపు వెనక నిలబడ్డాను.

అతను అమ్మ మంచం మీది దుప్పటి తీశాడు. తన పెట్టెలోంచే గుండ్రటి తెల్లగుడ్డ ఒకటి తీసి గొట్టంలో అమర్చాడు. మిషను పెట్టగానే బస్సు గేరు మార్చినట్టు చప్పుడు. పరుపు మీద గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి, ఆపి, ఆ గుడ్డను అమ్మ ముందు పరిచాడు. దాని మీద బూడిదలాంటి మెత్తటి పొడి, పిడికెడు.

"ఇది మీ పరుపులోని దుమ్మే మేడమ్. మీరు రోజూ దీని మీదే పడుకుంటున్నారు."

"ఒదినా, నీ పరుపులో సిమెంటు గోదాం ఉన్నాదే" అంది పక్కింటి అత్త.

అమ్మ ముందుకు వంగింది. ఆ పొడిని చూసింది, తరవాత మిషనును చూసింది. నగల దుకాణం ముందు కూడా అమ్మ అంతసేపు నిలబడి చూడడం నేనెరగను.

నేను మాత్రం పొడి రంగు చూశాను. మా ఇంట్లో దుమ్ము ఎర్రగా ఉంటుంది. గచ్చు మీద ఎరుపు, దేవుడి పటాల మీద ఎరుపు, నా పుస్తకాల మధ్య ఎరుపు. ఈ బూడిదరంగు ఎక్కడిది? గుడ్డ అతనిది, గొట్టం అతనిది, పెట్టె అతనిది. మా ఇంటిదని చెప్పడానికి అతని మాట తప్ప ఏముంది? వచ్చే ఆదివారం మళ్లీ వస్తానని చెప్పి అతను వెళ్లాక, డైరీలో 'మోసం' అని ఒక్క మాట రాసి పెన్ను మూసేశాను.

సాయంత్రం నాన్నతో చెప్పాను. "నాన్నా, మనింటి దుమ్ము ఎర్రగా ఉంటాది కదా? ఆడు తీసింది బూడిద్రంగు."

నాన్న పేపరు కింద పెట్టారు. కుండ కొనేముందు వేలితో మీటి చెవి ఒగ్గి వినే మనిషి ఆయన. నూనె కొంటే అరచేతిలో రాసుకుని వాసన చూసి గానీ సీసా ముందుకు చాపరు. "అదీ మరి" అన్నారు, నేను పరీక్ష పాసైనంత సంతోషంగా. "బూడిద ఎంటేసుకుని తిరుగుతన్నాడు. ఒచ్చే ఆదోరం రమ్మనీ. నానుంటాను."

"వొద్దంటే వొద్దనండి" అంది అమ్మ గోడవైపు తిరిగి. "దానికి ఆ మనిసిని దొంగని సెయ్యడం ఎందుకు."

ఆ గొంతులో కోరిక నాకు వినబడింది. ఆ ఏడాది బోనస్ డబ్బుతో ముందుగదికి పంకా కొనాలని అనుకున్నారు. పంకా మానేసైనా ఆ మిషను కొనాలని అమ్మకు ఉంది. అడగడం ఆమెకు చేతకాదు. ఆ విషయంలో నేనూ అంతే.

తరవాతి ఆదివారం నాన్న సిద్ధంగా కూర్చున్నారు. ఉతికి ఆరేసిన తన చేతిరుమాలు, తను ఎంచిన చోటు. అతను రాగానే చొక్కా చేతులు పైకి మడవమన్నారు. అతను ముందు నవ్వాడు. నాన్న నవ్వకపోవడం చూసి టై ముడి వదులు చేసుకున్నాడు. దాంతో పాటు మాట కూడా మారిపోయింది.

"సూడండి బాబూ, జేబులు కూడా సూసీండి. నానూ ఈ పక్కోణ్ణే. పెందుర్తి అవతల మాది. బూడిద మోసుకొచ్చి బతికే మనిసిని కాను."

"అదే సూత్తన్నాం" అన్నారు నాన్న.

పరుపు తిరగేశారు. నాన్న రుమాలే గొట్టంలో పెట్టారు. మళ్లీ అదే బూడిదరంగు. నాన్న దాన్ని వేళ్ల మధ్య నలిపారు, వాసన చూశారు. లోపలికి వెళ్లి గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి పరుపు అంచు కుట్టు విప్పారు. లోపల దూది దూదిలా లేదు. అమ్మ పెళ్లినాటి బూరుగుదూది పరుపు అది. ఏకించి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. చెయ్యి పెడితే పిండిలా జారింది.

"పోర్టు దుమ్ము కాదు" అన్నారు నాన్న మెల్లగా. ఎవరితో అన్నారో తెలియదు. ఆ మాట కోసం ఆయన ఎన్ని చలికాలాలు ఎదురుచూశారో అప్పుడు అర్థమైంది నాకు.

అప్పుడే ఇంకోటి కూడా తట్టింది. గాలి సముద్రం మీదినుంచి వచ్చినా, కొండవైపు నుంచి వచ్చినా, కిటికీ గుడ్డ తెల్లగా ఉన్న రోజుల్లో కూడా పిల్లికూతలు ఉండేవి. అవి అమ్మ పడుకున్నాకే వచ్చేవి. నేను ఆ పక్కనే పడుకుని కిటికీని అనుమానించాను గానీ పరుపును అనుమానించలేదు.

నాన్న దాదాపు మెత్తబడ్డారు. "ఎంతలో వత్తాదేటి ఇది?" అని కూడా అడిగేశారు. అంతలో అమ్మకు దగ్గు తెర వచ్చింది. అతను నేల మీద మిషను నడిపి చూపిస్తున్నాడు. అమ్మ దాని వెనక పీట మీద కూర్చుని ఉంది. మిషను వెనక ఒక జల్లెడలాంటి కంత, దాంట్లోంచి వేడిగాలి నేరుగా అమ్మ ముఖం మీదికి కొడుతోంది.

నేను తలుపు వెనకనుంచి బయటికి వచ్చాను. ఎందుకు వస్తున్నానో ఆలోచించి ఉంటే వచ్చేదాన్ని కాదు. కిటికీకి కట్టే ఉతికిన గుడ్డ ఒకటి తీసి, నీళ్లలో ముంచి, పిండి, మిషను వెనక ఆ కంతకు అడ్డంగా పట్టుకున్నాను. అందరూ నన్నే చూస్తున్నారు. అయినా తియ్యలేదు.

మిషను ఆపాక గుడ్డ విప్పి చూశాం. మధ్యలో జల్లెడ కంతల అచ్చు, మురికిగా, కొంత బూడిదరంగు, కొంత ఎరుపు. ముందు పీల్చిన దాంట్లో మెత్తటిదంతా వెనకనుంచి గదిలోకే ఊదుతోంది.

అతను గుడ్డను చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడని ఇప్పటికీ అనుకుంటున్నాను. "కంపెనీ వోళ్లు ముందుది సూపించమన్నారు" అన్నాడు. "ఎనక సూడమన్నేదు."

అమ్మ అతనికి మజ్జిగ ఇచ్చింది. తాగి, పెట్టె కట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి నాతో చిన్నగా అన్నాడు: "ఆ గుడ్డ పక్కింటోళ్లకి సూపించకండమ్మా."

"నాను సూసీసేను బాబూ" అంది పక్కింటి అత్త, ఎప్పుడొచ్చిందో ద్వారబంధానికి ఆనుకుని.

అమ్మ ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు. "పోనీలెండి, పంకాయే కొందాం" అంది. నాన్న నావైపు చూశారు. "వొద్దు" అన్నాను. "ఎనకనించి ఊదనిది ఒకటుంటాది." ఉంటుందో లేదో నాకు తెలియదు. అంత నమ్మకంగా ఎలా అన్నానో కూడా తెలియదు.

బోనస్ రాగానే నాన్నా నేనూ డాబాగార్డెన్స్‌లో కరెంటు సామాన్ల దుకాణానికి వెళ్లాం. దారంతా నాన్న తన అనుమానాలు చెప్పుకుంటూ వచ్చారు. ప్లాస్టిక్‌దైతే పగులుతుంది. తేలిగ్గా ఉంటే లోపల ఏమీ లేనట్టే. "రేపు పాడైతే ఆటోనగర్లో మోటార్లు సుట్టేవోడి దగ్గిరికి పట్టుకెల్తాం. ఆడు ఇప్పగలగాలి దీన్ని. మరలు కనబడకుండా అతికించీసిందైతే వొద్దు." నా సంచిలో ఒక ప్లాస్టిక్ కవరులో తడిపిన తెల్లగుడ్డలు, మరో పొట్లంలో మా ఇంటి దుమ్ము. కిటికీ కింద పొడిగా ఊడ్చిన ఎర్రది, పరుపులోంచి తీసిన బూడిదరంగుది, రెండూ కలిపి కట్టాను.

దుకాణదారు మూడు రకాలు దింపాడు. అన్నిటికన్నా ముందు ఎర్రగా మెరిసేదాన్ని తుడిచి నాన్న ముందుకు తోశాడు. నేను పొట్లం విప్పి నేల మీద చల్లాను.

"ఏటమ్మా ఇది? దుమ్ము ఇంటికాడి నించి తెచ్చుకున్నారేటి?"

మిషను అమ్మడానికి వచ్చినతన్ని నేను అనుమానించింది సరిగ్గా దీనికే కదా. నాన్న నాకు బదులు చెబుతారనుకున్నాను. ఆయన ఒక మిషను బోర్లించి మరలు చూస్తున్నారు.

"మాది పోర్టు దగ్గిర" అన్నాను. "మాకు ఈ దుమ్మే ఉంటాది. దీనికి పనికొత్తాదో నేదో సూడాలి."

"మా దుకాణంలో దుమ్ము పనికిరాదేటి?" అని నవ్వాడు గానీ ప్లగ్గు పెట్టాడు. ఎర్రగా మెరిసేదాని వెనక పట్టిన గుడ్డ ఇట్టే మాసిపోయింది. రెండోది అంత పాడు కాదు గానీ దాని మరలు కనబడలేదని నాన్న పక్కకు నెట్టేశారు. మూడోది ఎవరూ అడగనిదానిలా మూల ఉంది. పాలక్యానులాంటి రేకు డబ్బా, దళసరి గుడ్డసంచి, దాని మీద మరో సంచి. చప్పుడు మిగతావాటికన్నా ఎక్కువ. దాని వెనక గుడ్డ పూర్తిగా తెల్లగా ఉందని చెప్పను. వెలుగులోకి తీసుకెళ్లి చూస్తే తప్ప తెలియనంత మరక ఉంది. వెలుగులోకి తీసుకెళ్లే చూశాను. నాన్న కూడా చూశారు. దుకాణదారు కూడా బయటికి వచ్చి చూశాడు.

"ఇదే" అన్నాను. నాన్న దాన్ని వేలితో మీటి విన్నారు.

బోనస్‌లో మిగిలినదానితో ఆ వారమే పాత పరుపు బయటపడేసి అమ్మకు కొబ్బరిపీచు పరుపు వేశాం. మిషను నేను నడిపితే, అమ్మ వీధి అరుగు మీద కూర్చోవడం మానేసి, వెనకాలే తడిగుడ్డ పట్టుకుని నడిచేది. నమ్మి ఇంటికి తెచ్చినదాన్ని కూడా ఆమె ఒక్కరోజు ఊరికే వదిలిపెట్టలేదు. కిటికీకి గుడ్డలు కట్టడం కూడా ఆగలేదు. ఓడలు వస్తూనే ఉన్నాయి, నాన్న వ్యాగన్లు రాసుకుంటూనే ఉన్నారు.

చలి ముదిరాక ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతోంది. నేను పక్కన పుస్తకం చదువుకుంటూ, అలవాటుగా వింటున్నాను. కూత లేదు. మరో పేజీ తిప్పాను. అప్పుడూ లేదు. సంతోషించాల్సింది పోయి నాకు గుబులు పట్టుకుంది. ఇంత నిశ్శబ్దంగా అమ్మ ఎప్పుడూ పడుకోలేదు. పుస్తకం మూసి, మెల్లగా వంగి, ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. గోరువెచ్చటి గాలి వేళ్లకు తగిలింది. చాలక, ఇంకాసేపు అలాగే ఉంచాను.

అమ్మ కళ్లు తెరవకుండానే అంది: "ఏటే గుంటా, నాక్కూడా తడిగుడ్డ పెడతావేటి?"