ఇవ్వని గుప్పెడు జీడిపప్పు

ఈ మాట మోస్తూ మోస్తూ ముసలివాణ్ణయిపోయాను. మా ఆవిడకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నందిగాం పక్క పల్లె. యుద్ధం నాటికి నేను వాయుసేనలో మెకానిక్‌ని. మా పైలట్ సారుది టెక్కలి. ఇద్దరమే ఉంటే మా యాసే నడిచేది. ఒక ఉదయం శత్రువుల బాంబులకు నా పక్క మంచం స్నేహితుడు కాలిపోయాడు. మధ్యాహ్నం శత్రువుల విమానాన్ని ఒకదాన్ని సారు కూల్చారు. అందులోని పైలట్ పారాచూట్‌తో దిగి మాకు బందీగా చిక్కాడు.

మా ఊళ్లలో పగపట్టిన ఇళ్లు రాజీకొస్తే ఒకరి చేతి జీడిపప్పు ఒకరు తింటారు. తిన్నాక ఇక పగ ఎత్తకూడదు. సాయంత్రం సారు నన్ను పిలిచారు.

“ఓరె, మీయమ్మ అంపిన పప్పుందేటి? ఓ గుప్పెడు అట్టుకెళ్లి ఆడికియ్యి. బాగా ఎగిరినాడ్రా. తింటే నానొచ్చి సెయ్యి కలుపుతానని సెప్పు.”

వెళ్లాను. చేతికి కట్టుతో కూర్చున్న ఆ పైలట్ నన్ను చూడగానే హిందీలో అడిగాడు, తనను పడగొట్టినాయన్ని ఒక్కసారి చూడాలని ఉందని, సెల్యూట్ చేస్తానని. నేనేమన్నాను? నీ మొహం చూడటం ఆయనకు ఇష్టం లేదన్నాను. అతను తల దించుకున్నాడు. బయటికొచ్చి ఆ పప్పు నేనే నమిలేసి, సారు దగ్గరికెళ్లాను.

“పుచ్చుకోనేదు సార్. నేలకేసి కొట్టినాడు.”

“పోన్లేరా. ఆడి కోపం ఆడిది. రేపు నానే అట్టుకెల్తాను.”

మర్నాడు పొద్దున్నే ఎగిరిన సారు తిరిగి రాలేదు. బందీని ఇంకోచోటికి తరలించారు.

స్నేహితుడు పోయిన కోపమని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కోపమే అయితే, సారు రేపు తనే వెళ్తానన్నప్పుడైనా నిజం చెప్పొద్దూ? చెబితే ఆయన దగ్గర చులకనైపోతానని భయపడ్డాను. ఒకరినొకరు చంపుకోవడానికి ఎగిరినవాళ్లకే లేని పగ, నేల మీద స్పానర్ పట్టుకు తిరిగే నాకెందుకు?

పలాస వెళ్లినప్పుడు ఎవరైనా జీడిపప్పు చేతిలో పెడితే వద్దంటాను. షుగరని మావాళ్లు అనుకుంటారు. అనుకోనీ.

ఆ పైలట్ బతికుంటే, తనను పడగొట్టినవాడు తనను మనిషిగా కూడా లెక్కచేయలేదనే ఇప్పటికీ అనుకుంటూ ఉంటాడు. సారు తన పప్పు నేలపాలైందనే అనుకుంటూ పోయారు. దిద్దుకునే దారి లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. చెప్పాను, గుండె కాస్త తేలికైంది. ఇక ఆయనకు చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది.

ఆడు నేలకేసి కొట్టనేదు సార్. నానే ఇయ్యనేదు.