మొంబాసా రైల్లో గొంతు

కరోనాతో యూనివర్సిటీ మూతపడ్డాక, జర్మనీలో ఇల్మెనౌలోని మా హాస్టల్ అంతస్తులో ముగ్గురమే మిగిలాం. నేను, వరంగల్ నుంచి వచ్చిన ఒక జూనియర్ అమ్మాయి, కెన్యా నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్.

నైరోబి నుంచి మొంబాసాకు చైనావాళ్లు వేసిన కొత్త రైలు మార్గంలో కెన్యా అమ్మాయి కొన్నాళ్లు పనిచేసింది. ప్రయాణికులకు వినిపించే ప్రకటనలు ఆమె గొంతులోనే రికార్డు చేశారు. “నవ్వుతూ చెప్పు, వినేవాళ్లకు తెలుస్తుంది” అని చైనా సూపర్‌వైజరు ఒక్కో వాక్యాన్నీ మళ్లీ మళ్లీ చెప్పించేదట. వాళ్లమ్మ ఆ రైలెక్కి, పక్కవాళ్లందరికీ “అది మా అమ్మాయే” అని చెప్పుకుందట.

“పెద్ద ఇంజనీర్లంతా చైనావాళ్లే. ఆ కుర్చీలో నేనూ కూర్చోవాలి. అందుకే ఈ చదువు” అనేది, మా వంటగదిలో మందపాటి చపాతీలు కాలుస్తూ.

ఆ చలికాలంలో ఆమెకు కరోనా వచ్చి గదిలో క్వారంటైన్‌లో ఉండగా, అక్కడ వాళ్లమ్మ పోయింది. వెళ్లే దారి లేదు.

“అక్కా, ఆమె పొద్దుగాల్నుంచి ఏం తింటలేదు. నువ్వన్న పోయి అడుగు” అంది జూనియర్.

మధ్యాహ్నం చారన్నం పట్టుకెళ్లి తలుపు దగ్గర పెట్టబోతూ ఆగిపోయాను. లోపలినుంచి ఆమె గొంతు హుషారుగా వినిపిస్తోంది. మొంబాసా దారిలోని వోయి స్టేషన్ వచ్చిందని, సామాన్లు మరిచిపోవద్దని నవ్వుతూ చెబుతోంది. మతి చలించిందేమోనని భయపడ్డాను. అంతలో అదే గొంతు ఏడవడం వినిపించింది. ఏడుపు ఒకవైపు, నవ్వు ఒకవైపు, రెండూ ఒకేసారి. ఆ రెండింటి వెనకాల ఒక మగగొంతు “సిస్టర్, సిస్టర్” అంటోంది. అంత్యక్రియలకు ఆ రైల్లోనే వెళుతున్న తమ్ముడు, అక్కను కూడా వెంట తీసుకెళ్తున్నట్టు ఉంటుందని, దారి పొడవునా ఫోన్ పెట్టెయ్యకుండా ఉంచాడు. నవ్వుతున్నది ఫోన్లో వినిపిస్తున్న ఆ రైలు ప్రకటన.

క్వారంటైన్ అయ్యాక ఆమే అడిగింది. “తలుపు బయట నువ్వే కదా?”

“అవును.”

“ఆ రికార్డు మార్చమని రైలువాళ్లను అడుగుతానన్నాడు తమ్ముడు. వద్దన్నాను. అమ్మ విన్న గొంతు అది.”

మరుసటి వేసవిలో ఆమె ఇంటికి వెళ్లింది. నైరోబిలో దిగి, మొంబాసా వైపున్న వాళ్ల ఊరికి రైలెక్కకుండా బస్సులో వెళ్లానని మెసేజ్ పెట్టింది. ఎందుకని నేను అడగలేదు.