పెన్సిలుతో వెనక్కి చుట్టిన రిబ్బన్

మా చిన్నప్పుడు... పుంగనూరులో మా ఇంటి ముందు గదే మా అమ్మ టైపింగ్ షాపు. పాత మిషన్ ఇచ్చేసి, బెంగుళూరు నుంచి సెకండ్‌హ్యాండ్‌లో ఎలక్ట్రానిక్ టైప్‌రైటర్ తెప్పించుకుంది. దాన్ని చూడ్డానికే జనం వచ్చేవాళ్ళు... మాయమ్మ గర్వం అంతా ఇంతా కాదు!

చిక్కల్లా రిబ్బన్‌తోనే. పాత మిషన్ గుడ్డ రిబ్బన్ అటూ ఇటూ తిరుగుతా నెలల తరబడి వచ్చేది. దీనిది పల్చటి ప్లాస్టిక్ పట్టీ. ఒకసారి అక్షరం పడితే ఆ చోట రంగంతా కాగితానికి అంటుకుపోతుంది. ఇంక ఆ చోటు పనికిరాదు. కొత్తది కావాలంటే బెంగుళూరు పోవాల్సిందే.

నాకా సంగతి తెలీదు. తొమ్మిదేళ్ళ పిల్లని. "రిబ్బన్ అయిపోవస్తాండాది" అని అమ్మ దిగులుపడతా ఉంటే... పాటల క్యాసెట్ మాదిరే కదా అనుకున్నా. మధ్యాహ్నం ఆమె కునుకు తీసినప్పుడు స్పూనుతో మూత లేపి, పెన్సిలు దూర్చి, అంతా వెనక్కి చుట్టి పెట్టేసినా. ఏం తెలివో నాది!

మర్నాడే రెడ్డెమ్మ వచ్చింది. పక్క పల్లె మనిషి, కూలికి పోతానే పది పాసయింది. హాస్టల్లో వంటమనిషి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాల. టైపు కొట్టిందే తీసుకుంటారంట. మదనపల్లె ఆఫీసులో అయిదింటిలోపల ఇవ్వాల, అదే ఆఖరు రోజు. వీధి చివర ఇంకో షాపాయన పెళ్ళికని తాళమేసి పోయినాడు.

అమ్మ కొట్టింది... ఒక అక్షరం సగమే పడింది, ఇంకోటి అసలే లేదు. ఒత్తిడి స్విచ్ ఎక్కువకు పెట్టింది. పువ్వు మాదిరుండే అక్షరాల చక్రం తీసి పాత బ్రష్షుతో తోమింది. రిబ్బన్ పెట్టె ఊడదీసి, తిప్పి చూసి, మళ్ళీ బిగించింది. ఊహూఁ...

"యాలమ్మా పడలేదు? నా రాతే అంతేమో" అని రెడ్డెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తలుపు చాటున నేను ఆ పెన్సిలును జేబులోకి తోసేసినా.

అమ్మ కాగితాన్ని బొటనవేలితో తడిమింది. "దెబ్బ గట్టిగానే పడతాండాది... రంగే లేదు" అనింది. ఒక తెల్లకాగితం, దాని కింద కార్బన్, ఆ కింద ఇంకో తెల్లకాగితం పెట్టి మొత్తం మళ్ళీ కొట్టింది. పైదాంట్లో మళ్ళీ ఆ సగం సగమే. కిందది మాత్రం నీలంగా, ఒక్క అక్షరం పోకుండా వచ్చింది!

"కార్బన్ కాపీ తీసుకుంటారామ్మా?" అనింది రెడ్డెమ్మ.

"సంతకం పెట్టు. నేనూ వస్తా పద."

నన్నూ వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఆఫీసులో గుమాస్తా కాగితం పైకెత్తి చూసి, "ఒరిజినల్ యాడమ్మా?" అన్నాడు.

"ఇదేనప్పా. పెన్నుతో పెట్టిన సంతకం ఉండాది సూడు. రంగంతా నా మిషన్ మింగేసింది."

ఆయన నవ్వి సీలు వేసినాడు.

తిరుగు బస్సులో రెడ్డెమ్మ ముందు సీట్లో నిద్రపోతాంటే, అమ్మ చెవిలో నిజం చెప్పేసినా.

"తెలుసులే. మూత మీద స్పూను గీతలు సూసినా."

"మరి అప్పుడే నన్ను యాల కొట్టలేదు?"

"ఆయమ్మ ముందర యాల కొట్టేది? రేపు ఉద్యోగం రాకుంటే జన్మంతా నిన్నే తిట్టుకుంటాది" అనింది.

ఆ ఉద్యోగం రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. రెండేళ్ళకు ఇంకో చోట ఆయా పని దొరికితే, రెడ్డెమ్మ చెనిక్కాయలు తెచ్చి నా ఒళ్ళో పోసింది... "ఆ పొద్దు నాకోసరం బస్సులో వచ్చిన పాప" అని. నేను ఒక్క కాయ కూడా ఒలవకుండా అన్నీ అమ్మకిచ్చేసినా.

ఇప్పుడు ప్రింటు మసకైతే ఫోన్‌లో వీడియో చూసి మనమే సరిచేసుకుంటాం. ఆ టైప్‌రైటర్ ఎప్పుడో పాతసామాన్లకు పోయింది. రెడ్డెమ్మ మాత్రం ఎదురుపడితే ఇప్పటికీ నా బుగ్గ నిమురుతుంది. అమ్మ ఇన్నేళ్ళూ ఆ రిబ్బన్ సంగతి ఎవరితోనూ అనలేదు... నేనే ఇక్కడ రాసేస్తున్నా. రెడ్డెమ్మ మనవరాలు నా ఫ్రెండ్ లిస్టులోనే ఉంది. చదివి వినిపిస్తే వినిపించనీ...

మీ తప్పును కూడా ఎవరో ఒకరు అట్లా కడుపులో పెట్టుకునే ఉంటారు. ఎవరో చెప్పండి...