మా బాపు చెప్పిన సినిమా

నా చిన్నప్పుడు సూరత్‌లో మా గల్లీ వాళ్లందరూ పాటించే నియమం ఒకటుండేది. మా బాపుకు, అంటే మా నాన్నకు, గుట్టు మాటలు చెప్పకూడదు. ఆయన చెడ్డవాడని కాదు. రోజుకు పన్నెండు గంటలు మరమగ్గాల మధ్య నిలబడి, ఏళ్ల తరబడి ఆ చప్పుడు తిని, చెవులు పోగొట్టుకున్నాడు. తన గొంతు తనకే వినిపించదు కాబట్టి మామూలు మాట కూడా అవతలి గల్లీకి వినబడేలా అనేవాడు. వంకాయలు బేరమాడితే పోట్లాట అనుకుని జనం పోగయ్యేవారు. కూరగాయలమ్మే గుజరాతీ ముసలమ్మ చెవులు మూసుకుని, "ధీరే బోలో భాయ్", మెల్లగా మాట్లాడు నాయనా అని మొత్తుకునేది.

బాపు కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ బట్ట నేసేవాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. అవి ఆడే షెడ్డులో పక్కవాడు అరిచినా వినబడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్లంతా చేతులతోనూ పెదవులతోనూ మాట్లాడుకుంటారు. అన్నం డబ్బాలు మోసుకెళ్లే మా పిల్లలకు కూడా ఆ సైగలు వచ్చేవి. పిడికిలి బిగించి కనుబొమలు ఎగరేస్తే "సాంచా నడపనా?" అని అడిగినట్టు. పిడికిలిని ముందుకు తోస్తే "నడుపు" అని జవాబు. మా బాపు ఆ విద్యలో ఆరితేరినవాడు. షెడ్డు ఈ కొసన నిలబడి, ఆ కొసన సేఠ్ గుమాస్తాతో ఏమంటున్నాడో చెప్పేవాడు.

నేను ఐదో తరగతిలో ఉండగా మా తెలుగు బడికి కొత్తగా ఒక హెడ్ సార్ వచ్చాడు. పిల్లల మీద ప్రేమ ఉన్న మనిషి. ఎక్కడినుంచో ఒక ఇంగ్లీషు సినిమా రీళ్లు, మిషను తెప్పించాడు. ఎప్పటిదో పిల్లల పుస్తకంలోని కథట. ఖాతాల సెలవు రోజు, అంటే సాంచాల షెడ్డులు మూసే రోజు, మధ్యాహ్నం బడి హాల్లో వేస్తామని, ప్రతి పిల్లా ఇంటి నుంచి పెద్దవాళ్లను తీసుకురావాలని చెప్పాడు.

నాకు భయం పట్టుకుంది. అంతకుముందు పంద్రాగస్టు నాడు ఇదే హెడ్ సార్ దేశం గురించి చెబుతుంటే, మా బాపు వెనక నుంచి "బిడ్డా, జిలేబీలు ఎప్పుడిస్తరే?" అని అడిగాడు. నన్ను మెల్లగా అడిగాననే అనుకున్నాడు పాపం. బడి బడంతా నవ్వింది. ఆ తర్వాత రెండు నెలలు నా పేరు జిలేబీ. ఇంకోసారి అలాంటిది జరిగితే బడి మానేస్తానని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం బాపు నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. నేను గడపలో నిలబడి, ఎదురింటి నా జతగత్తెతో గొంతు తగ్గించి అన్నాను. "మా బాపుకు సినిమా సంగతి చెప్పకే. ఆయనొస్తే నా ఇజ్జత్ పోతది. అవ్వనొక్కదాన్నే తీస్కపోత." అంటూ తలెత్తితే బాపు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నావైపే చూస్తున్నాడు. నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. చెవిటివాడికి ఏం తెలుస్తుందిలే అనుకుని లోపలికి వెళ్లిపోయాను.

మేం అమ్మను అవ్వ అంటాం. సినిమా రోజున అవ్వ వెంట బాపు కూడా బయలుదేరాడు. గల్లీ గల్లీ పోతుంటే ఆయన ఒక్కడే ఇంట్లో ఎందుకని అవ్వే లేపింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. కానీ హాల్లోకి వెళ్లాక ఆయన మా దగ్గర కూర్చోలేదు. వెనక గోడకు ఆనుకుని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. "ఏమైందే ఈయనకు, మొన్నటిసంది నోరే తెరుస్తలేడు" అని అవ్వ నన్నే అడిగింది. ఏమైతేనేం, దేవుడు నా మొర విన్నాడనుకున్నాను.

కిటికీలకు దుప్పట్లు కట్టారు. రంగు వేయని ముడి బట్టను తెరగా బిగించారు. సినిమా మొదలైంది. ఒక మంచు రాజ్యం. గడియారాలు చేసే ఒకాయనను మంత్రగత్తె చెట్టుగా మార్చేస్తుంది. ఆయన కూతురు మాట్లాడే ముసలి కొంగను వెంటబెట్టుకుని, ఏడు వంతెనలు దాటి, తండ్రిని విడిపించడానికి వెళ్తుంది. హెడ్ సార్ ఇంగ్లీషు మాటలు విని ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతున్నాడు. మేం నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం.

ఏడో వంతెన దగ్గర మంత్రగత్తె కర్ర విసిరింది. కొంగ దబ్బున పడిపోయింది. సరిగ్గా అప్పుడే మాటల డబ్బా టప్పుమని పేలి, కాలిన వాసన వచ్చింది. బొమ్మ నడుస్తోంది, మాట లేదు. మాట వినపడకపోతే హెడ్ సారుకు కూడా కథ తెలియదు. ఇక ఆపేద్దామన్నాడు. పిల్లలు ఒక్కసారిగా గోల. నేనైతే కొంగ చచ్చిపోయిందని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను.

అప్పుడు మా పక్కింటి కాక లేచి, "ఆపకుండ్రి సారూ. గీ పిల్ల బాపును చెప్పమనుండ్రి. గాయనకు సప్పుడుతోని ఏం పని?" అన్నాడు. అందరూ వెనక్కి తిరిగారు. బాపుకు సంగతి అర్థమైంది. అయినా లేవలేదు. అంత మందిలో నాకోసం వెతికాడు. నేను కనబడగానే తువ్వాలు దించి, నోటిమీద వేలు పెట్టి చూపించాడు. తర్వాత పిడికిలి బిగించి, కనుబొమలు ఎగరేశాడు. నడపనా?

అప్పుడు తెలిసింది నాకు. గోడలకు చెవులుంటాయంటారు, మా బాపుకు కళ్లే చెవులు. సాంచాల ఇంట్లో పుట్టి, గొంతు తగ్గించానే గాని పెదవులు దాచుకోవాలన్న బుద్ధి లేకపోయింది. ఆ రోజు గడపలో నేనన్న ప్రతి మాటా ఆయన చూశాడు. చూసి నవ్వాడు. అప్పటి నుంచి నోరు మూసుకుని, ఇప్పుడు ఇంత జనంలో నా పర్మిషన్ అడుగుతున్నాడు.  చెయ్యి పైకెత్తి, పిడికిలి ముందుకు తోశాను. చాలదనిపించి మళ్లీ తోశాను.

బాపు తెర పక్కకు వచ్చి నిలబడ్డాడు. "ఓ కొంగా! ఏం పండుకున్నవే, లే! పిల్ల ఒక్కతే ఉన్నది జర సూడు!" అన్నాడు. హాలంతా నవ్వు. నిజంగానే కొంగ కన్ను తెరిచింది. ఇక చూడండి, మంత్రగత్తె మా ఖాతా యజమాని పెళ్లాం సేఠాని అయిపోయింది. కావలి భటులు హప్తా మామూళ్లకొచ్చే దాదాలైపోయారు. వాళ్ల చేతులు, మొహాలు చూసి బాపు మాటలు అల్లేస్తుంటే, పెద్దవాళ్లు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ పెద్ద గొంతు అంత పెద్ద హాలుకు సరిగ్గా సరిపోయింది. ఆయన మా బాపని ముందు వరుస వాళ్లందరికీ నేనే చెప్పాను.

చివరికి ఆ పిల్ల చెట్టును కావలించుకుంది. బెరడులోంచి తండ్రి మొహం బయటపడి, పెదవులు కదిలాయి. బాపు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత, మెల్లగా మాట్లాడటమే రాని మనిషి, మెల్లగా అన్నాడు. "నాకేం కోపం లేదు బిడ్డా. నువ్వు శిన్నపిల్లవు. పా, ఇంటికి పోదాం."

హాల్లో ముక్కు చీదని ఆడమనిషి లేదు. ఎంత మంచి మాట రాశారో ఆ పుస్తకంలో అనుకున్నాను నేను. ఇంటికి వెళ్తూ బాపు భజియాలు కొనిచ్చాడు. గడపలో నేనన్న మాట గురించి ఆ రోజూ అడగలేదు, బతికున్నన్నాళ్లూ అడగలేదు. తప్పయిందని చెప్పడానికి నాకూ నోరు రాలేదు. అది మాత్రం ముల్లులా ఉండిపోయింది. ఒకటి మాత్రం నేర్చుకున్నాను. ఎవరి గురించైనా వాళ్ల మొహం చూస్తూ అనగలిగిన మాటే అంటాను. దాంతో గయ్యాళి అన్న పేరు కూడా వచ్చింది, అది వేరే సంగతి.

ఇప్పుడు సూరత్ శివారు కోసాడ్‌లో మా బిడ్డ దగ్గర ఉంటున్నాను. నేనూ ముప్పై ఏళ్లు నూలు కండెలు చుట్టే మిషన్ల మధ్య పనిచేశాను కదా, చెవులు మందగించాయి. మొన్న ఆదివారం మనవరాలు నన్ను డుమస్ రోడ్డు మాల్‌కు తీసుకెళ్లింది. ఆ పాత కథనే మళ్లీ కొత్తగా సినిమా తీశారట, హిందీలో. అదే మంచు, అదే కొంగ. ఏడో వంతెన దాటేసరికి సీటు అంచుకు జరిగి కూర్చున్నాను. చెట్టులోంచి తండ్రి మొహం బయటపడింది. కుడివైపు తలుపు తెరువు, వంతెన కూలిపోతోంది, పరిగెత్తు అన్నాడు. అంతే. ఇంకేం అనలేదు.

నాకే సరిగా వినపడలేదనుకున్నాను. కోపం లేదని చెప్పడా అని మనవరాలిని అడిగాను. ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగారు, అంటే గట్టిగానే అడిగినట్టున్నాను. మనవరాలు ఆ పుస్తకాన్ని చిన్నప్పుడే రెండుసార్లు చదివిందట. నా చెవి దగ్గరికి వంగి, "నై అమ్మమ్మా, బుక్కుల భీ గిదే ఉంది. కోపం మాటనే లేదు" అంది.

యాభై ఏళ్లుగా నేను అడగలేకపోయిన దానికి బాపు ఆ మధ్యాహ్నమే, అందరి ముందే జవాబు చెప్పేశాడన్నమాట. కళ్లలో నీళ్లు ఆగలేదు. చెయ్యి పైకెత్తి, తెర వైపు పిడికిలి ముందుకు తోశాను. ఏం చేస్తున్నావని మనవరాలు గుసగుసగా అడిగింది.

మా బాపుతో మాట్లాడుతున్నానని చెప్పాను. హాలంతా వినపడేలా చెప్పాను.