ఆ పాఠం దాటెయ్యని మేడమ్

మా నర్సింగ్ ట్యూటర్ మేడమ్ పోయారని ఆళ్లగడ్డ నుంచి మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఊఁ అన్నాను. ఎప్పుడు తీస్తారని అడిగాను. ఫోన్ పెట్టేసి, కలిపిన అన్నం తినేశాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

తొంభైల్లో నంద్యాలలో నర్సింగ్ చదివాను. గర్భాశయం, కాపురం, కుటుంబ నియంత్రణ ఉన్న పాఠం రాగానే మిగతా ట్యూటర్లు "మీరే చదువుకోండి" అని పేజీలు తిప్పేసేవారు. మేడమ్ బోర్డు మీద పెద్దగా బొమ్మ గీసి, ఒక్కొక్కరినీ లేపి పేర్లు పలికించేవారు. మేం తలలు దించుకుని నవ్వేవాళ్లం. నవ్వు అయిపోయేదాకా చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ నిలబడి, "అయిందా? పేషంటుకు సిగ్గుంటాది. మీగ్గూడ ఉంటే ఆయమ్మ యాడికి పోవాల?" అనేవారు.

ఒకసారి శిరివెళ్ల నుంచి ఒకమ్మాయి తండ్రి వచ్చాడు. వాళ్ల చర్చిలో పెద్దమనిషి. తలుపు దగ్గరే నిలబడి, "ఏందీ మేడమ్, పెండ్లి గాని పిల్లోల్లకు ఈ మాటలా నేర్పిస్తాండేది?" అన్నాడు.

"రాప్పా, కూర్చో. నీ కూతురు రేపు కాన్పులు చేయాల. ఏది యాడుండాదో తెలీకుండ చేయమంటావా?"

ఆయన కూర్చోలేదు. కూతుర్ని తీసుకెళ్లనూ లేదు.

ఆళ్లగడ్డ ఆసుపత్రిలో మాకు డ్యూటీ వేసినప్పుడు ఒక అత్త తన కోడలిని తీసుకొచ్చింది. "ఈతూరి కడుపు రాకుంటే నా కొడుక్కి ఇంగో పెండ్లి చేస్తా" అని అందరికీ వినపడేలా అంటోంది. మేడమ్ అత్తను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తలుపు మూసి, నావైపు తిరిగి "నువ్వు అడుగు" అన్నారు.

కోడలి పక్కన కూర్చున్నాను. "నీ మొగుడు దగ్గరికొచ్చినప్పుడు నొప్పి పుడతాందా అమ్మా?" అన్నాను.

ఆ పిల్ల నా దగ్గరికి జరిగింది. "ఇట్ల ఎవురూ అడగలేదక్కా. సచ్చేంత నొప్పి. అందుకే ఆయప్పను రానియ్యను."

పరీక్ష చేసిన డాక్టరమ్మ ఇన్‌ఫెక్షన్ అన్నారు. మేడమ్ ఆ పిల్ల మొగుణ్ని పిలిపించి, వాళ్లమ్మ ముందే చెప్పారు: "మందులు ఇద్దరూ మింగాల. తప్పు ఈ పిల్లది గాదు." అత్త మందుల చీటీ అందుకుంది. ఆ పిల్లకు తర్వాత కూతురు పుట్టింది. రెండో పెళ్లి మాట మళ్లీ లేవలేదు.

ఫోన్ వచ్చిన మర్నాడు ఆళ్లగడ్డ వెళ్లాను. పాదాలు తాకాను. చల్లగా ఉన్నాయి, అంతే అనుకున్నాను. షామియానా కింద ఒక పెద్దాయన "మేడమ్ ఏం చెప్తాండె పిల్లోల్లకు?" అని అడిగాడు. బంధువులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని "నర్సు పాఠాలు" అన్నారు.

"ఆడోళ్ల ఒంటి గురించి, మొగుడూ పెండ్లాల కాపురం గురించి చెప్పేవారు" అన్నాను. పెద్దాయన కండువా దులిపి భుజాన వేసుకుని లేచాడు.

వచ్చేస్తుంటే, నా మాట విన్న ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఇట్ల రా పాపా" అని ఇంటి వెనక్కి నడిపించింది. బట్టలుతికే బండ మీద కూర్చుని, పక్కన కూర్చోమని తట్టింది. దండెం మీద తడి చీర నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒకసారి చుట్టూ చూసి, నా చెవి దగ్గరికి వంగి, "నా ఒంటి సంగతి ఒకటి అడగాల పాపా" అంది.