మూడో పాదం దగ్గర ఆగే బాణీ

ఆ బాణీ వాయించడానికి ఆర్గాన్ పిన్నికి వేళ్లుంటే చాలు, మనసుతో పనిలేదు. నలభై ఏళ్లుగా ప్రతి ఆదివారం ఉదయం అదే బల్ల మీద కూర్చుంటుంది. రంగుటద్దాల్లోంచి నీలం వెలుగు మెల్లగా మీటల మీదికి పాకుతుంటే, కళ్లు అరమోడ్చి ఎటో వెళ్లిపోతుంది. పాట అయ్యాక తిరిగొస్తుంది. ఎక్కడికి వెళ్లొచ్చిందో ఆమెకే తెలియదు, ఇక మనకేం తెలుస్తుంది!

అది నాలుగు వందల ఏళ్ల నాటి లూథరన్ బాణీ. ఎన్ని పాటల పుస్తకాలు మారినా, ఎన్నిసార్లు కొత్త మాటలు తొడిగినా చెక్కుచెదరలేదు. ఈ చర్చిలో మాత్రం దానికో వింత అలవాటు పట్టుకుంది. మూడో పాదం చివర అందరూ ఆగిపోతారు. రెండు లెక్కపెట్టేంతసేపు చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. ఆ తర్వాతే నాలుగో పాదం.

ఇప్పుడు కొత్త పాటల పుస్తకం వేస్తున్నారు. ఆ పని పిన్ని మేనల్లుడి నెత్తిన పడింది. అతను సంగీతం మాస్టారు. ఏది దొరికినా దానికో కారణం కనిపెట్టందే నిద్రపట్టని మనిషి. ఏడు పాత పుస్తకాలు బల్ల నిండా పరుచుకుని పిన్నిని పిలిపించాడు.

"అత్తా, ఏడింట్లో ఒక్కదాంట్లోనూ ఈ ఆగడం లేదు. తర్వాతి పాదం 'కరుణ' అని మొదలవుతుంది కదా, ఆ మాట ముందు మౌనంగా ఉండాలని పెద్దవాళ్లు పెట్టుంటారు. ముందుమాటలో రెండు పేజీలు రాసేశాను. నువ్వు ఔనంటే బాణీలో ఆగే గుర్తు వేయించేస్తా. రేపే అచ్చుకి వెళ్తోంది."

పిన్ని గతుక్కుమంది.

గొట్టాలకి గాలి అందించే మోటారు లేని రోజుల్లో ఆర్గాన్ వెనక నిలబడి చేత్తో తిత్తి ఊదింది ఆమె నాన్నే. కిటికీలు తుడుస్తూ నిచ్చెన మీంచి పడి ఆయన కుడి భుజం పాడైంది. మూడో పాదం చివర బాణీ పైకెక్కేసరికి గొట్టాలన్నీ ఒక్కసారిగా గాలి తాగేసేవి. ఆయన చెయ్యి పడిపోయేది. ఎడమ చేతికి మార్చుకునేలోగా ఆర్గాన్ మూగబోయేది, జనం పాపం ఆగేవారు. ఆగీ ఆగీ అదే బాణీ అనుకున్నారు. ఇంట్లో భుజానికి నూనె రాస్తున్న కూతురితో ఆయన, "ఎవరికీ చెప్పకమ్మా, పనిలోంచి తీసేస్తారు" అన్నాడు. ఆయన పోయి ముప్ఫై ఏళ్లయినా ఆమె నోరు విప్పలేదు.

ఇప్పుడు చెబితే ఆ రెండు క్షణాలు పోతాయి. ఆయనకంటూ లోకంలో మిగిలింది అంతే. ఫొటో కూడా లేదు. చెప్పకపోతే ఆయన నొప్పి మీద రెండు పేజీల అబద్ధం అచ్చవుతుంది. అది ఆమెకు మింగుడుపడలేదు.

"పెద్దవాళ్లెవరూ కాదురా," అంది. "మీ తాతయ్య భుజం."

అంతా విన్నాక మేనల్లుడు తను రాసిన కాగితాల కట్ట దగ్గరికి లాక్కున్నాడు. ముందుమాటలోని ఆ రెండు పేజీలూ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే గుర్తు వెయ్యలేనత్తా," అన్నాడు, తల వంచుకుని.

"వద్దులే. ఉన్నది ఉన్నట్టే వెయ్యి."

అన్నదే గానీ, ఇంటికి వెళ్లి గిన్నెలు తోముతూ వెక్కి వెక్కి ఏడ్చింది.

కొత్త పుస్తకాలు పంచిన ఆదివారం, పిన్ని ఈసారి కళ్లు మూసుకోలేదు. అచ్చులో ఉన్నట్టే వాయించాలని పళ్ల బిగువున కూర్చుంది. మూడో పాదం అయింది. ఆగకుండా నాలుగో పాదంలోకి వెళ్లింది.

వెనక ఒక్క గొంతూ రాలేదు. అందరూ కొత్త పుస్తకాలు బుద్ధిగా తెరిచి పట్టుకునే ఆగారు. చూస్తే కదా!

నలభై ఏళ్లలో మొదటిసారి తప్పు వాయించిన పిన్ని చటుక్కున వేళ్లు ఎత్తేసింది. చర్చంతా నిశ్శబ్దం. నీలం వెలుగులో దుమ్ము కూడా కదలడం మానేసినట్టుంది. ఆమె కళ్లు నిండిపోయాయి.

"చెయ్యి మార్చుకో నాన్నా," అనుకుంది లోపల. "తొందరేం లేదు. అందరం ఆగాం."