నీళ్ళు తాగిన పడవ

పడవ నిగనిగలాడుతోంది. శ్రీశైలానికి నచ్చనిది అదే.

కాజీపల్లిలో దశరథ్‌ది పాత సామాన్ల కొట్టు. ఫ్యాక్టరీలు వదిలించుకున్న పీపాలు, మోటార్లు, ఇనుప నిచ్చెనలు. వాటి మధ్య పద్నాలుగు అడుగుల ఫైబర్ పడవ. పాతదనే అమ్ముతున్నాడు. రంగు మాత్రం వారం కిందటిది.

"పాతదానికి కొత్త రంగు ఎందుకేసినవ్?" అన్నాడు శ్రీశైలం.

"పెండ్లిచూపులకు కూసునేటప్పుడు మొఖం కడుక్కోరా అన్నా?"

"ఏడ తిరిగింది గిది?"

"ఎవలదో ఫామ్‌హౌజ్ కుంటల. ఆదివారం ఆదివారం ఎక్కెటోళ్ళు."

"బరువెంత?"

"క్వింటాలున్నర. నలుగురు పడితే లేస్తది."

హత్నూర దగ్గరి చెరువులో నలభై ఏళ్ళుగా చేపలు పడుతున్నాడు శ్రీశైలం. ఇన్నాళ్ళూ థర్మాకోల్ దిమ్మలకు టార్పాలిన్ చుట్టిన తెప్ప మీదే. మొన్నటి వానల్లో అది నడిమికి విరిగింది. ఆ చెరువు చుట్టుపక్కల ఒక్క పొగగొట్టం లేదు. సంగారెడ్డి మార్కెట్లో అతని భార్య సునంద గంప దించకముందే జనం మూగేది అందుకే. ఈ వైపు చేపలు కొనేవాళ్ళు ముందు అడిగేది ధర కాదు, ఏ చెరువుదని. మందుల ఫ్యాక్టరీ వాసన అన్న మాట ఒక్కసారి పుట్టిందంటే గంప నిండుగా ఇంటికి తిరిగొస్తుంది. తర్వాత ఎన్ని ఒట్లు పెట్టుకున్నా ఎవరూ వినరు.

ఇంకో పడవ దొరకలేదు. వలలు దించే రోజులు దగ్గరపడ్డాయి. కొన్నాడు. కానీ నేరుగా ఇంటికి తీసుకుపోలేదు. ట్రాలీ ఆటోను దారిలో లారీలు తూచే ధరం కాంటా మీదికి ఎక్కించాడు. పడవతో ఒకసారి, పడవ దింపించి ఒకసారి తూయించాడు. ఆటో డ్రైవర్ నవ్వాడు. హమాలీలు ఆరుగురు మూలుగుతూ దించారు.

రెండు క్వింటాళ్ళ డెబ్బై కిలోలు.

శ్రీశైలం దశరథ్‌కు ఫోన్ చేశాడు.

"మజ్బూతుగ చేసిన్రన్నా, గందుకే. లోడైన సామాను వాపస్ తీసుకోం," అని పెట్టేశాడు దశరథ్.

ఇంకొకరైతే వెనక్కి పోయి వాడి గల్లా పట్టుకునేవారు. శ్రీశైలానికి కోపం కంటే, వాడు ఏం దాచాడో చూడాలన్న పంతం ఎక్కువ. ఆటోను పటాన్‌చెరుకు తిప్పించాడు.

అక్కడ నరసింహమూర్తి ఉంటాడు. కాకినాడ వైపు మనిషి. ముప్పై ఏళ్ళు ఇక్కడి ఫ్యాక్టరీలో ఫైబర్ ట్యాంకులు చేసి రిటైరయ్యాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మరమ్మతులు చేస్తాడు. ఆయన పడవ చుట్టూ తిరుగుతూ వేలి కణుపుతో కొట్టాడు. కొన్నిచోట్ల టకటక పలికింది. కొన్నిచోట్ల మాగిన బొప్పాయిలా మెత్తగా పలికింది.

"ఇది రెండు పొరల పడవండీ. మునిగిపోకుండా మధ్యలో ఫోమ్ పెడతారు. అది నీళ్ళు తాగేసింది. లోపలి పొర కోయాలి."

"కోయకుంటె?"

"చెరువు మధ్యలో మీరు తాగుతారు."

కోస్తే పని పెరుగుతుంది. పెరిగితే ఎవరికి లాభం? శ్రీశైలం రోజూ సద్ది కట్టించుకుని బస్సెక్కి వచ్చాడు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని కళ్ళార్పకుండా చూశాడు.

"కాపలా పడవకా, నాకా?" అన్నాడు నరసింహమూర్తి.

"ఇద్దరికీ సారూ."

మూడో రోజు లోపలి పొర లేచింది. టీ రంగు నీళ్ళు ఉబికి వచ్చాయి. మందుగోళీల డబ్బా మూత తీసినట్టు షెడ్డంతా వాసన. నరసింహమూర్తి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ నీళ్ళను పీపాలోకి పట్టాడు.

"ఫామ్‌హౌస్ కాదండీ. ఏదో ఫ్యాక్టరీ మురుగు గుంటలో తిరిగింది. తెట్టు తీయడానికి వాడి ఉంటారు."

శ్రీశైలం బకెట్ మీంచి లేచాడు.

"వాని మొఖాన కొట్టొస్త," అన్నాడు.

"కొట్టండి. అతుకేసి, రంగేసి, మీలాంటి ఇంకొకరికి అంటగడతాడు."

"నువ్వు బాగుచేస్తవా?"

"ఫోమంతా తీసి పారేస్తాను. లోపల గీకి, ఎండబెట్టి, కొత్త ఫోమ్ పెట్టి పొరలు వేస్తాను. వాసన రాదు."

"రాదని నువ్వంటున్నవ్."

"మరి ఇంకెవరనాలండీ?"

రెండు వారాలు పడవ ఎండలో పడి ఉంది. శ్రీశైలం పూటపూటా వంగి వాసన చూశాడు. పని ముగిశాక మళ్ళీ కాంటా ఎక్కించాడు. క్వింటాలు అరవై. అంకె బాగానే ఉంది. కానీ వాసనకు కాంటా లేదు.

చెరువు గట్టున పడవ చూసి సునంద అంది, "ఇప్పుడన్న నీళ్ళల్ల దించు."

"ముందు చేప చెప్పాలె."

పడవలోకి సగానికి చెరువు నీళ్ళు పోశాడు. గట్టు నుంచి విసిరిన వలలో పడ్డ బొచ్చె చేపల్లో ఒకదాన్ని పడవలో వదిలాడు. ఇంకోదాన్ని చిన్న వలసంచిలో కట్టి చెరువులోనే ఉంచాడు. సాయంత్రం రెండూ సునందకు ఇచ్చి, వేర్వేరుగా వండమన్నాడు. ఏ గిన్నెలో ఏది ఉందో తనకు చెప్పొద్దన్నాడు.

రెండు గిన్నెలు ముందుకొచ్చాయి. కుడివైపుది రెండు ముద్దలు తిన్నాడు. ఎడమవైపుది తిన్నాడు. ఆగి, మళ్ళీ ఎడమవైపుదే నోట్లో పెట్టుకున్నాడు.

"గిదే. గీ దాంట్ల ఏదో ఉన్నది. నేను ముందే అనలే?"

సునంద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

"గది సంచిలదయ్యా. మన చెరువుల ఉన్నదే."

"మంచిగ యాది చేసుకో."

"వండింది నేను. ఇగ నన్ను గూడ కాంటా ఎక్కిస్తవా?"

అతను నవ్వలేదు. రెండు గిన్నెలూ ఖాళీ చేశాడు, నెమ్మదిగా.

తెల్లారి పడవ నీళ్ళలో దించాడు. తేలిగ్గా కదిలింది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. చెరువు మధ్యలో తెడ్డు ఆపాడు. నలభై ఏళ్ళుగా ఆ నీళ్ళతో మొహం కడుక్కున్నాడు, దాహం వేస్తే తాగాడు. ఇప్పుడు దోసిలి నింపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా లేదు. పారబోసి, కాస్త అవతలికి పోయి మళ్ళీ నింపాడు.

"ఓ అయ్యా! వల ఏస్తవా, వాసన సూస్తవా? బస్సు పోతది!" గట్టు మీద నుంచి సునంద అరిచింది.

శ్రీశైలం వల చేతికి తీసుకున్నాడు. వేసే ముందు ఇంకో దోసిలి ఎత్తాడు.